"మా ఇంట్లో అందరూ అరుస్తారు, మేం బాగానే ఉన్నాం కదా?" – క్లాసులో ఒకమ్మాయి అడిగింది, నా దగ్గర జవాబు లేదు

#1 బుధవారం_క్లాసు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

వారానికి ఒక గంట క్లాసు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 22 మంది. స్నేహాలు, ఇష్టాలు, గొడవలు, ఫోన్లో మాటలు... వీటిల్లో ఒకరినొకరు గాయపరుచుకోకుండా మెలగడం ఎలా అన్నది పాఠం. నేను టీచర్ని కాదు, వాలంటీర్ని. మొత్తం పది వారాలు. మొదటి వారం అయిపోయింది. నా పరువు కూడా.

పిల్లలు అందరూ ఒకే రకం ఇళ్ల నుంచి రారు. అమ్మానాన్న ఇద్దరితో ఉండేవాళ్లు సగం మంది. నలుగురు అనాథాశ్రమం నుంచి వస్తారు. ముగ్గురు ఈమధ్యే వేరే దేశం నుంచి వచ్చారు, క్లాసు భాష ఇంకా నోరు తిరగడం లేదు. ఒకమ్మాయికి వినిపించదు, సైగల భాష తెలిసిన దుబాసీ పక్కనే కూర్చుంటుంది. ఐదారుగురి ఇళ్లల్లో కట్టుబాట్లు ఎక్కువ, 'ప్రేమ' అన్న మాట చెవిన పడితే రేపట్నుంచి పంపరు. తాతయ్య ఒక్కడే పెంచుతున్న కుర్రాడు ఒకడు.

మొదటి రోజు ఒక వర్క్‌షీట్ ఇచ్చాను. ఇరవై వాక్యాలు. ఏది ఆరోగ్యకరమైన బంధం, ఏది కాదు అని రెండు గడుల్లో సర్దాలి. "గట్టిగా అరవడం" దగ్గర ఒకమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. "మా ఇంట్లో అందరూ అరుస్తారు. మేం బాగానే ఉన్నాం కదా?" అంది. నేను తడబడుతుంటే పక్క బెంచీ అబ్బాయి తలెత్తకుండా అన్నాడు, "మా ఇంట్లో ఎవరూ అరవరు. నాన్నకి కోపం వస్తే మాట్లాడడు. పోయినసారి పదకొండు రోజులు."

నా జవాబుల కాగితంలో "కోపం వచ్చినప్పుడు మౌనంగా ఉండడం" మంచి గడిలో ఉంది.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంకా తొమ్మిది వారాలు ఉన్నాయి. ఇన్ని రకాల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకి "ఇదీ మంచి బంధం" అని ఒకే కొలత ఎలా చూపించాలి? అసలు చూపించాలా?

#2 పాతబెంచీ

ముందు ఆ అబ్బాయికి నా తరఫున ఒక నమస్కారం పెట్టండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, వాడు మీకు ఒక్క ముక్కలో చెప్పింది నాకు తెలియడానికి అందులో సగం కాలం పట్టింది.

మౌనాల్లో రకాలున్నాయమ్మా. (అబ్బాయివైతే బాబూ అని చదువుకో.) జాన్ గాట్‌మన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త భార్యాభర్తల్ని కూర్చోబెట్టి, వాళ్లు గొడవపడుతుంటే గుండె వేగం కొలిచాడు. అది నిమిషానికి 100 దాటిన మనిషికి ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు పక్కకి వెళ్లి చల్లబడి రమ్మంటాడు ఆయన. అలాగని మొహం గోడలా పెట్టుకుని ఉలకకుండా పలకకుండా ఉండిపోవడాన్ని బంధాన్ని తినేసే నాలుగు అలవాట్లలో ఒకటిగా లెక్కేశాడు. మిగతా మూడూ తప్పులెన్నడం, చులకన చేయడం, ప్రతి మాటకీ "నా తప్పేం లేదు" అని అడ్డు పెట్టుకోవడం.

ఆయన చూసింది పెళ్లయిన పెద్దవాళ్లని. అయినా పద్నాలుగేళ్ల పిల్లలకీ ఇది అర్థమవుతుంది. "ఇప్పుడు మాట్లాడలేను, సాయంత్రం మాట్లాడతా" అని చెప్పి వెళ్లడం చల్లబడటానికి. చెప్పకుండా పదకొండు రోజులు మూగనోము పట్టడం శిక్ష వేయడానికి. పిల్లలు కటీఫ్ అని చేసేది పెద్దవాళ్లు చేస్తే దానికి పేరు లేకుండా పోయింది.

ఆ వర్క్‌షీట్ మాత్రం చించేయండి.

#3 ముక్కుసూటి

తప్పుగా అనుకోకండి, ఇదంతా చదువుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. పదమూడేళ్ల పిల్లలకి ప్రేమ పాఠాలా? ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది. ఆ అమ్మాయి ఇంట్లో అరుచుకుంటారు, అది వాళ్లిష్టం. వాళ్ల అమ్మానాన్నల్ని మంచి గడిలోనో చెడ్డ గడిలోనో పెట్టడానికి వారానికి గంట కనిపించే మనిషి ఎవరు? ఆ గంటా లెక్కలు చెప్పుకుంటే పనికొస్తాయి.

#4 బుధవారం_క్లాసు

@ముక్కుసూటి గారూ, గడుల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అందుకేగా ఇక్కడికొచ్చి అడుగుతున్నది.

#5 ఇద్దరబ్బాయిల_అమ్మ

నేనూ ముక్కుసూటి గారిలాగే అనుకునేదాన్ని. ఇంట్లో మంచిగా పెంచితే చాలు, ఇంక క్లాసులెందుకు అని.

మా పెద్దాడికి పదిహేనేళ్లు. ఒకరోజు ఫోను హాల్లో వదిలేసి స్నానానికి వెళ్లాడు. అది బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగుతూనే ఉంది. స్నానం చేసి వచ్చేసరికి ముప్పై ఎనిమిది మిస్డ్ కాల్స్. తడి చేత్తోనే ఫోను తీసి, అద్దంలో తనూ స్నానాలగదీ కనిపించేలా ఫోటో తీసి పంపాడు. రుజువన్నమాట. నిజంగా స్నానం చేస్తున్నాడని ఆ అమ్మాయికి రుజువు కావాలి. ఎప్పట్నుంచి ఇలా అంటే ఐదు నెలలు. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, పాస్‌వర్డ్ ఆమె దగ్గర ఉండాలి, క్రికెట్ స్నేహితులు వద్దు.

"నీకు కష్టంగా లేదా నాన్నా?" అంటే వాడి జవాబు, "నేనంటే తనకి అంత ఇష్టమమ్మా."

మేం వాణ్ణి బాగానే పెంచాం. అనుమానం ప్రేమ వేషం వేసుకుని వస్తుందని మాత్రం చెప్పలేదు. ఇంకో మాట, ఇలాంటి పాఠాలు అమ్మాయిలకే అనుకుంటారు అందరూ. మా వాడిలాంటి వాళ్లు నోరు విప్పకపోవడానికి అదీ ఒక కారణం.

#6 నీడపట్టు

కౌమార వయసు పిల్లల కౌన్సెలర్‌ని. రెండు మూడు విషయాలు చెప్తాను.

ఇది చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఏదో ఒక ప్రేమ బంధంలోనో పెళ్లిలోనో ఉన్న 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 24 శాతం మంది, అంటే దాదాపు కోటీ తొంభై లక్షల మంది, 20 ఏళ్లు నిండేలోపే తమ జోడీ చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస చూశారు. ఏ దేశం, ఏ మతం, ఏ ఇల్లు అన్న మినహాయింపు ఎక్కడా లేదు.

ఇక కొలత గురించి. గొంతు ఎంత లేస్తుందో, ఎవరెవర్ని ముట్టుకుంటారో, ఎవరి మాట చెల్లుతుందో ఇంటింటికీ మారుతుంది. వాటిని కొలవకండి. నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను: ఈ మనిషి దగ్గర నీకు భయం ఉందా? దాన్నే కొంచెం విడదీసి అడుగుతాను. వద్దు అంటే ఏమవుతుంది? వేరే స్నేహితుల్ని కలిస్తే ఏమవుతుంది? నిన్న సరే అన్నదానికి ఇవాళ వద్దంటే ఏమవుతుంది? "ఏమీ కాదు, కాసేపు అలుగుతారు" అన్న పిల్లల మొహమూ, జవాబుకి ముందు తలుపు వైపు చూసే పిల్లల మొహమూ వేరుగా ఉంటాయి. పెద్ద గొంతులున్న ఇంట్లో భయం లేకపోవచ్చు. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో నిండా ఉండొచ్చు.

కానీ ఈ ప్రశ్నలు అందరి ముందూ ఎవరి ఇంటి గురించీ అడగొద్దు. కథల్లో అడగండి. కథలో మనుషులకి పేర్లు పెట్టకండి, పేరు పెట్టగానే అది ఏదో ఒక వర్గం పిల్లల కథ అయిపోతుంది. 'క', 'చ' అనండి చాలు. ఆడో మగో కూడా చెప్పకండి. అమ్మాయిని ఇష్టపడే అమ్మాయి, అబ్బాయిని ఇష్టపడే అబ్బాయి ఆ గదిలో ఉంటే, ఎవరికీ ఏమీ బయటపెట్టకుండానే వాళ్లు ఆ కథలో దూరగలుగుతారు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యం. ఈ క్లాసు నడిపితే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు క్లాసయ్యాక ఆగి మీకు ఏదో చెప్తారు. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటారు. ఇవ్వకండి. ఎవరి ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉందనిపిస్తే ఒక పెద్ద మనిషికి చెప్పి తీరతానని మొదటి క్లాసులోనే చెప్పాలి. మీరు చెప్పలేదు కాబట్టి రెండో క్లాసు దాంతో మొదలుపెట్టండి. ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరూ నంబరూ మీ దగ్గర ముందే ఉండాలి.

#7 హాస్టల్_కిటికీ

ఆ నలుగురి తరఫున రాస్తున్నాను. ఆరేళ్ల నుంచి పద్దెనిమిది దాకా నేను ఆశ్రమంలోనే పెరిగాను.

దయచేసి 'మీ వంశవృక్షం గీయండి', 'మీ ఇంట్లో మిమ్మల్ని బాగా అర్థం చేసుకునేది ఎవరు' లాంటివి పెట్టకండి. నేను ప్రతిసారీ ఒక అబద్ధపు అత్తయ్యని సృష్టించేదాన్ని. ఆవిడకి పేరూ ఊరూ వృత్తీ అన్నీ ఉండేవి. ఒకసారి టీచరు "మీ అత్తయ్యని పేరెంట్స్ మీటింగ్‌కి రమ్మను" అంటే ఆవిణ్ణి చంపేయాల్సొచ్చింది. క్లాసంతా లేచి ఒక నిమిషం మౌనం పాటించారు.

మా దగ్గర అరుపులు పెద్ద సమస్య కాదు. మనుషులు మారిపోవడం సమస్య. ఒక ఆయమ్మ ఉంటుంది, పొద్దున్న లేచేసరికి ఇంకో ఆయమ్మ. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లరు. దాంతో నాకు ఏమర్థమైందంటే, గొడవ అయితే ఆ మనిషితో తెగిపోయినట్టే. ఇరవై రెండేళ్లొచ్చేదాకా ఒక్క స్నేహితురాలితోనూ రెండుసార్లు గొడవపడలేదు. మొదటి గొడవకే నంబరు బ్లాక్ చేసేదాన్ని, వాళ్లు వదిలేసేలోపు నేనే వదిలేయాలని.

గొడవ తర్వాత మళ్లీ కలవొచ్చని, అదెలా కలుస్తారో, మొదటి మాట ఏం మాట్లాడతారో ఎవరైనా చేసి చూపించి ఉంటే బాగుండేది. మామూలు ఇళ్లల్లో పిల్లలు అది రోజూ చూస్తారు కాబట్టి అదొక విద్య అని కూడా వాళ్లకి తెలియదు.

#8 బుధవారం_క్లాసు

@హాస్టల్_కిటికీ, నాలుగో వారానికి నా దగ్గర 'మా కుటుంబం' అని చార్ట్ పేపర్లు కొని ఉన్నాయి. వెనక్కి ఇచ్చేస్తాను.

#9 పందొమ్మిది

హాయ్. నాకు పందొమ్మిదేళ్లు, కాబట్టి మీ క్లాసు పిల్లలకి ఇక్కడ అందరికంటే దగ్గర నేనే అనుకుంటా.

మా స్కూల్లో కూడా ఇలాంటి క్లాసు పెట్టారు. రోల్‌ప్లే చేయించారు, ఇద్దరిని ముందుకి పిలిచి. మేం ఏం చేస్తాం? నటించాం. వెనక బెంచీ నవ్వాలి కాబట్టి నేను విలన్ లాగా చేశా. చప్పట్లే చప్పట్లు. ఎవడూ ఏమీ నేర్చుకోలేదు.

నాకు నిజంగా కావాల్సింది ఎవరూ చెప్పలేదు. 'వద్దు అని చెప్పడం నేర్చుకోండి' అని అమ్మాయిలకి చెప్పారు. 'వద్దు' అని చెప్పించుకుంటే ఏం చేయాలో మాకు చెప్పలేదు. పదహారేళ్లప్పుడు ఒకమ్మాయికి ఇష్టమని చెప్పా. తను మర్యాదగానే కాదంది. మా వాళ్లు "ఒకసారికే వదిలేస్తావా, ట్రై చెయ్‌రా" అన్నారు. మూడు నెలలు మెసేజీలు పెట్టా. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్, తిన్నావా. నాకది ఓపిక, ప్రేమ, పట్టుదల. తను స్కూలుకి వచ్చే దారి మార్చుకుందని ఏడాది తర్వాత ఎవరో చెప్తే తెలిసింది.

తను వద్దన్న రోజు రాత్రి నా ఛాతీలో ఏదో ఇరుక్కున్నట్టు ఉండేది. అది కొన్ని రోజులు అలాగే ఉంటుందనీ, దానికి తను ఏమీ చేయక్కర్లేదనీ, అది నా పనేననీ ఒక్క పెద్దాయన చెప్పుంటే సరిపోయేది.

#10 గోల్‌పోస్ట్

తమ్ముడూ పందొమ్మిదీ, ఇది రాయడానికి దమ్ముండాలి.

నేను కోచ్‌ని. రోల్‌ప్లే గురించి తను చెప్పింది అక్షరాలా నిజం. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అని ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్లో కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే పక్కన స్నేహితులు చూస్తుంటే 13–16 ఏళ్ల పిల్లలు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లకి స్నేహితులున్నా లేకపోయినా తేడా రాలేదు. కాబట్టి ప్రేక్షకుల్ని తీసేయండి. అందరూ ఒకేసారి జతలుగా చేస్తే ఎవడు ఎవణ్ణి చూస్తాడు?

మా ఆటలో కిక్ గురించి ఉపన్యాసం ఇవ్వం, వందసార్లు కొట్టిస్తాం. 'వద్దు' వినడం కూడా అంతే, కాలికి అలవాటైనట్టు నోటికి అలవాటవ్వాలి. నా డ్రిల్ చెప్తాను. ఒకడు ఏదో అడుగుతాడు: నీ ఫోన్ ఇవ్వు, నాతో సినిమాకి రా, ఫోటో పంపు. రెండోవాడు "వద్దు" అంటాడు. కారణం చెప్పకూడదు. మొదటివాడు "సరే" అనాలి. అంతే. తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టి వేరే విషయం మాట్లాడాలి. ఎందుకు అనకూడదు, ప్లీజ్ అనకూడదు, నవ్వి తోసేయకూడదు, మొహం మాడ్చుకోకూడదు. చెప్తే చాలా తేలిక. చేసి చూడండి.

అమెరికాలోని సాక్రమెంటోలో 16 హైస్కూళ్లలో కోచ్‌ల చేత వారానికి ఓ పావుగంట ఇలాంటి మాటలు చెప్పించారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో, తోటివాడు తప్పుగా ప్రవర్తిస్తే అడ్డుకుంటామన్న అబ్బాయిలు పెరిగారు. మనస్తత్వ నిపుణులు అవసరం లేదు, పిల్లలు ఎవరి మాట వింటారో ఆ మనిషి చెప్తే చాలు.

#11 చేతిభాష

వినిపించని ఆ అమ్మాయి గురించి. నేను అలాంటి పిల్లలకే చెప్తాను.

"ఎవరూ మీ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు" అని చాలామంది మొదలుపెడతారు. మా పిల్లల్లో ఎవరినైనా పిలవాలంటే భుజం తట్టాల్సిందే. అది మా పలకరింపు. కాబట్టి హద్దు అంటే 'ముట్టుకోవడం' అని గీత గీస్తే ఆ అమ్మాయి బయట పడిపోతుంది. తనని అడిగి, పిలవడానికి తట్టడం ఎలా ఉంటుందో క్లాసుకి తననే చూపించమనండి. మిగతావాళ్లకి అది మంచి పాఠం, ఎక్కడ తట్టొచ్చో ఎంత గట్టిగా తట్టొచ్చో దానికీ నియమాలున్నాయి.

దుబాసీ విషయం ఆలోచించారా? ఆ పిల్ల ఏ రహస్యం చెప్పాలన్నా మూడో మనిషి చేతుల మీదుగా చెప్పాలి. రాసి ఇచ్చే దారి ఒకటి ఉంచండి. కొత్తగా వచ్చిన ఆ ముగ్గురికీ అంతే. కోపం, సిగ్గు, అసూయ లాంటివి అరువు భాషలో రావు. ముందు వాళ్ల భాషలో రాసుకోనివ్వండి, మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. వాళ్లల్లో కొందరు ఇంట్లో పెద్దవాళ్లకి తామే దుబాసీలు కూడా. ఇంటి బరువు మోసే పిల్లకి "నీకు వద్దు అనే హక్కుంది" అంటే నవ్వొస్తుంది.

ఇంకొకటి, వైకల్యం ఉన్న పిల్లలకి చిన్నప్పట్నుంచి అందరం నేర్పేది ఒకటే, చెప్పినట్టు వింటే మంచి పిల్ల అని. పదమూడేళ్లు అది నేర్పి పద్నాలుగో ఏట వద్దనమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

#12 ముక్కుసూటి

అందరూ బాగా రాశారు, ముఖ్యంగా ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు. నేను కొంచెం దురుసుగా మాట్లాడానేమో. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇవన్నీ చేస్తే నిజంగా పిల్లలు మారతారా, లేక మనకి ఏదో చేశామన్న తృప్తా? రుజువుంటే చూపించండి.

#13 నీడపట్టు

న్యాయమైన ప్రశ్న. కెనడాలోని ఒంటారియోలో 'ఫోర్త్ ఆర్' అని బంధాల మీద 21 పాఠాల కార్యక్రమం. 20 స్కూళ్లలో 14–15 ఏళ్ల పిల్లలకి నేర్పి, రెండున్నరేళ్ల తర్వాత అడిగారు. జోడీ మీద చెయ్యి చేసుకున్నామని ఒప్పుకున్నవాళ్లు, పాఠాలు లేని స్కూళ్లలో 9.8 శాతం, ఉన్న స్కూళ్లలో 7.4 శాతం. తేడా అబ్బాయిల్లో ఎక్కువగా కనబడింది.

న్యూయార్క్‌లో 30 మిడిల్ స్కూళ్లలో ఇంకో ప్రయోగం, 'షిఫ్టింగ్ బౌండరీస్'. కొన్ని చోట్ల క్లాసు పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్ని చోట్ల స్కూలు భవనం మీద పని చేశారు. తమకి ఎక్కడ భయమేస్తుందో పిల్లల చేతే మ్యాప్ గీయించి, ఆ చోట్ల పెద్దవాళ్లని నిలబెట్టారు. మూడో రకంలో రెండూ చేశారు. ఒక్క పాఠాలతో సరిపెట్టిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. భవనం మీద పని జరిగిన చోట లైంగిక వేధింపులు తగ్గాయి. మాలాంటి పాఠాలు చెప్పేవాళ్లకి మింగుడుపడని ఫలితం, అయినా చెప్పాలి.

#14 ముక్కుసూటి

9.8 నుంచి 7.4. అంతేనా?

#15 పాతబెంచీ

అంతే. ముప్పై ఏళ్లలో నా లెక్కల పాఠాలు అంత తేడా తెచ్చాయో లేదో నాకు తెలియదు, ఎవరూ కొలవలేదు కాబట్టి బతికిపోయాను.

మీ మొదటి ప్రశ్నకి కూడా ఒక జవాబుంది. 'పదమూడేళ్లకి ప్రేమ పాఠాలా' అన్నారు. లైంగికత విద్య మీద యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాల్లో బంధాల పాఠం ఐదేళ్ల వయసు నుంచే ఉంది. ఆ వయసుకి చెప్పేది ఎక్కువగా కుటుంబం, స్నేహం. బొమ్మ ఇవ్వనంటే కొట్టకూడదు లాంటివి. బుధవారం క్లాసు కూడా స్నేహం మీదే నడిపితే ఆ కట్టుబాట్ల ఇళ్ల పిల్లలూ కూర్చోగలరు. ప్రేమలో జరిగే ప్రతి వెధవ పనికీ స్నేహంలో ఒక చిన్న నమూనా ఉంటుంది. "నాతో తప్ప ఎవరితోనూ కూర్చోకు" అనే మాట ఐదో తరగతిలోనే మొదలవుతుంది.

#16 మోడరేటర్

చర్చ బాగుంది, కొనసాగించండి. పిల్లల్ని గుర్తుపట్టేలా వివరాలేవీ రాయొద్దు. రెండు పోస్టుల్లో ఊళ్ల పేర్లు తీసేశాను.

#17 బుధవారం_క్లాసు (ఐదు వారాల తర్వాత)

మళ్లీ వచ్చాను. చెప్పుకోవాల్సింది చాలా ఉంది, చెప్పగలిగినంత చెప్తాను.

రెండో వారం వెళ్లగానే జేబులోంచి ఆ కాగితం తీసి, ఇందులో నేను తప్పు రాశానని చెప్పాను. పదకొండు రోజుల అబ్బాయి వైపు చూసి, "మౌనంగా ఉండడం మంచిదని రాశాను, నువ్వు చెప్పాకే నాకు తెలిసింది, సారీ" అన్నాను. వాడు భుజాలెగరేశాడు. పక్కవాళ్లు మాత్రం పెద్దవాళ్లు సారీ చెప్తే ఎలా ఉంటుందో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. హాస్టల్_కిటికీ గారు అడిగిన 'మొదటి మాట' పాఠం అలా ప్లాన్ లేకుండానే అయిపోయింది. తర్వాత రహస్యాల నియమం చెప్పాను, ఎవరికి చెప్తానో ఆ మనిషిని క్లాసుకి తీసుకొచ్చి చూపించాను.

'క', 'చ' కథలు బాగా నడిచాయి. ఎంతగా అంటే ఇప్పుడు కారిడార్లో ఎవడైనా ఎక్కువ చేస్తే "ఒరేయ్, చ లాగా చేయకు" అంటున్నారు.

మూడో వారం గోల్‌పోస్ట్ గారి డ్రిల్. పదకొండు జతలు, ఎదురెదురు కుర్చీలు. మొదటి పది నిమిషాలు నవ్వులే. తర్వాత ఆ ఐదు లెక్కపెట్టడం మొదలయ్యాక గది వింతగా అయిపోయింది. "సరే" అన్నాక వచ్చే ఆ ఐదు సెకన్లలో పిల్లలు కాళ్లు ఊపుతారు, గోళ్లు కొరుకుతారు, సీలింగ్ చూస్తారు. ఒక కుర్రాడు వరసగా ఎనిమిదిసార్లు "సరే, కానీ ఎందుకు?" అన్నాడు. తొమ్మిదోసారి "సరే" దగ్గర ఆగి, పెదాలు బిగించి, కళ్లు మూసుకుని లెక్కపెట్టాడు. తర్వాత నాతో "కడుపులో ఏదో అయింది" అన్నాడు. పందొమ్మిది చెప్పిన మాటే చెప్పాను, అది కొన్ని రోజులు ఉంటుంది, దాన్ని చూసుకోవడం నీ పని అని.

నేను ఊహించనిది ఇంకొకటి. వద్దు అనే వైపు కూర్చున్న అమ్మాయిల్లో ముగ్గురు ఆ మాట అనలేకపోయారు. ఆట అని తెలిసినా నోరు రాలేదు. "సారీ, ఏమనుకోకు, ఇవాళ కొంచెం..." అంటూ పోయారు. అందులో ఒకమ్మాయి వినిపించని అమ్మాయిని అడిగి సైగల్లో 'వద్దు' ఎలా అంటారో నేర్చుకుంది. చేత్తో వచ్చింది, నోటితో రానిది. ఇప్పుడు క్లాసంతా అదే వాడుతున్నారు.

ఫెయిలయినవీ ఉన్నాయి. ఫోన్ పాస్‌వర్డుల గురించి మాట్లాడిన రోజు నేను ఉపన్యాసంలోకి జారిపోయాను, అందరూ బల్ల కింద ఫోన్లు చూసుకున్నారు. ఇంట్లో కట్టుబాట్లున్న ఇద్దరు పిల్లలు నాలుగో వారం నుంచి రావడం లేదు. ఒక పెద్దాయన ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడారు. వచ్చి ఒకరోజు వెనక కూర్చోమన్నాను, ఇంకా రాలేదు.

మ్యాప్ కూడా గీయించాం. 22 కాగితాల్లో 17 చోట్ల ఒకటే గుర్తు, మెట్ల మలుపులో లైటు లేని చోట. క్లాసుకి వచ్చిన ప్రతిసారీ ఆ మెట్లెక్కుతున్నాను, నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. భవనం చూసుకునేవాళ్లకి ఆ కాగితాలు చూపిస్తే రెండో రోజుకి బల్బు పెట్టారు. సాయంత్రం క్లాసు వదిలే వేళకి ఒక పెద్ద మనిషి అక్కడ నిలబడుతున్నారు. ఇన్ని వారాల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే అయినా ఆశ్చర్యపోను.

ఇక అరుపుల ఇంటి అమ్మాయి. భయం ప్రశ్నలు కథ మీద అడుగుతుంటే తనే చెయ్యెత్తి, "మా ఇంట్లో అందరూ అరుస్తారు, నేను కూడా తిరిగి అరుస్తాను. అరిస్తే ఏమీ కాదు, అమ్మ ఇంకా గట్టిగా అరుస్తుంది, తర్వాత పిలిచి పని చెప్తుంది" అంది. అందరూ నవ్వారు. నవ్వులు తగ్గాక వెనక నుంచి ఎవరో చిన్న గొంతుతో "నువ్వు తిరిగి అరవగలవా?" అన్నారు. ఎవరన్నారో తెలుసు, రాయను. ఆ సాయంత్రం ఆ పిల్లతో కూర్చున్నాం, నేనూ, నేను క్లాసుకి చూపించిన ఆ మనిషీ.

#18 ఇద్దరబ్బాయిల_అమ్మ

చివరి పేరా రెండుసార్లు చదివాను. మా వాడికి చూపించాను. "తిరిగి అరవగలవా" దగ్గర ఆగి చాలాసేపు ఫోను నా చేతికి ఇవ్వలేదు. లొకేషన్ ఆఫ్ చేసి రెండు నెలలైంది. ఇంకా అప్పుడప్పుడు ఆన్ చేయాలనిపిస్తుందట.

#19 నీడపట్టు

@బుధవారం_క్లాసు, రాని ఆ ఇద్దరి ఇళ్లకి కథల కాగితాలు పంపండి. క్లాసులో ఏం చెప్తున్నారో తెలియకపోవడమే సగం భయం. ఇంకో చిన్న మాట, నోరు రాని ఆ ముగ్గురి చేత నోటితోనే చెప్పించాలని పట్టుబట్టకండి. 'వద్దు' అని చెప్పలేని చోట 'ఇప్పుడే వస్తా' అని లేచి వెళ్లిపోవడం కూడా నేర్పించొచ్చు.

#20 ముక్కుసూటి

నేను ఇక్కడ రాయకూడదనుకున్నాను కానీ రాస్తున్నాను. మా మనవరాలికి పన్నెండేళ్లు. నిన్న ఆ కోచ్ గారి డ్రిల్ చేద్దామన్నాను. "నీ డైరీ ఒకసారి చూపించు" అని అడిగాను. వద్దంది. సరే అన్నాను.

ఐదు లెక్కపెట్టేలోపు మూడుసార్లు నోరు తెరిచాను. మూడోసారి అది నా నోరు చేత్తో మూసి, తనే పైకి లెక్కపెట్టింది. ఇవాళ మళ్లీ చేద్దామంటోంది, ఈసారి అడిగేది తనట. ఏమడుగుతుందో చెప్పడం లేదు.